వేలిముద్రల కోసం ఒప్పుకున్న పాపం

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. పోయిన ఏడాది మిరప కోతలప్పుడు ఇదే మందిరంలో నిలబడి నేనొక పాపం ఒప్పుకున్నాను, మీరంతా స్తోత్రం అన్నారు, కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆ పాపం నేను చెయ్యలేదు. సాక్ష్యం చెప్పమ్మా సుగుణా అని మన పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు, ఇది వినడానికి తియ్యగా ఉండదండీ అని ముందే చెప్పాను, అయినా చెప్పమన్నారు.

నా చెల్లెలు కరుణ మీలో చాలామందికి తెలుసు. మా అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు, నాకు పదిహేడు. కూలికి పోయి పెంచాను, నర్సు చదివించాను, అది ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళిన రోజున నా అంత గర్వంగా ఈ ఊళ్ళో ఎవరూ నడిచి ఉండరు. అక్కడే దానికి క్యాన్సరు బయటపడింది. ఆపరేషను అయింది, మందులెక్కించారు, చివరికి ఇక కొద్ది నెలలే అన్నారు. "అక్కా, నువ్వొచ్చి నా పక్కన కూర్చో, ఇంకేం వద్దు" అంది ఫోనులో. వీసా కాగితాలన్నీ మంచం మీద నుంచి అదే నింపింది. నేను చెయ్యవలసినదల్లా ఒక్కటే, విజయవాడలో వీసా ఆఫీసుకు వెళ్ళి ఒక ఫొటో, పది వేళ్ళ ముద్రలు ఇచ్చి రావడం!

ఆ ఒక్కటే నా వల్ల కాలేదు సహోదరులారా. ఇరవై ఏళ్ళకు పైగా మిరపకాయల తొడిమలు తీసిన చేతులివి. ఆ ఘాటుకు వేళ్ళ కొసలు మండి, పొక్కి, తోలు ఊడి, చివరికి నున్నగా తయారవుతాయి. అక్కడి అమ్మాయి మెషిను అద్దం మీద వేళ్ళు పెట్టమంది, తడిగుడ్డతో తుడిచింది, తనే నా చెయ్యి పట్టుకుని నొక్కింది. "గీతలు రావట్లేదండీ ఆంటీ. తోలంతా లేచిపోయింది, మానాక మళ్ళీ రండి" అంది పాపం, మంచిపిల్ల.

తోలు మానాలంటే పని మానాలి. కానీ కోతల కాలంలో ఒక్క వారం మానేస్తే మేస్త్రీ మన చోట్లో ఇంకొకర్ని కూర్చోబెడతాడు, అది మీకు వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఇది ప్రార్థనతో తేలవలసిన సంగతి అన్నారు మన సహోదరీలు. మంట చల్లారుతుందని, త్వరగా మానుతుందని ప్రేమతో నా పది వేళ్ళకీ గోరింటాకు రుబ్బి పెట్టి, చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. ఎర్రగా పండింది! ఆ చేతులతోనే రెండోసారి వెళ్ళాను. గోరింటాకు పెట్టిన వేళ్ళు తీసుకోం, రంగు పోయాక రమ్మని గుమ్మంలోనే చెప్పేశారు. ఆ బస్సులో తిరిగి వస్తూ దేవుణ్ణి నేనన్న మాటలు ఈ మందిరంలో చెప్పేవి కావు.

ఆ ఆదివారం సంఘ పెద్ద యోహాను గారు నాతో, "రెండుసార్లు తలుపు మూసుకుందంటే ఊరికే కాదమ్మా సుగుణా, నీలో ఏదో దాచుకున్న పాపం ఉంది, వెతుక్కో" అన్నారు. యోహాను గారు ముందు వరుసలోనే కూర్చున్నారు, వందనాలండీ. నేను వెతుక్కున్నాను. మూడు రోజులు ఉపవాసం ఉండి, పొలం గట్టు మీద, కళ్ళం దగ్గర, పొయ్యి ముందు, ఎక్కడంటే అక్కడ వెతుక్కున్నాను. నాలో పాపాలు లేక కాదు, బోలెడున్నాయి, కానీ వాటిలో ఒక్కటీ వీసా ఆపేటంత పెద్దదిగా కనపడలేదు! అప్పుడు భయం పట్టుకుంది. అక్కడ చెల్లెలికి రోజులు అయిపోతున్నాయి. ఇక ఏదో ఒకటి ఒప్పుకుంటే పోతుందని మరుసటి ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాను.

"ప్రభువా, నా చెల్లెలు పైకొస్తుంటే ఓర్వలేకపోయాను, దాని సుఖం చూసి కుళ్ళుకున్నాను, నన్ను క్షమించయ్యా, నా వేళ్ళు ముట్టయ్యా" అని ఏడ్చాను. ఏడుపు మాత్రం నిజమైనదే.

మన ఆరాధన ఫోనుల్లో లైవు వస్తుందన్న సంగతి నాకు ఆ క్షణాన గుర్తు లేదు. కరుణ ఆసుపత్రి మంచం మీద నుంచి ప్రతి ఆదివారం అది చూసేది. ఆ రోజూ చూసింది.

నాలుగు రోజులు దాని దగ్గర నుంచి ఫోను లేదు, నేను చేస్తే ఎత్తలేదు. ఐదో రోజున మెసేజి వచ్చింది, అందులో మూడో అపాయింటుమెంటు తేదీ, టైము, అంతే. అక్కా అన్న మాట కూడా లేదు.

ఇక వేళ్ళ సంగతి. మాతో పనిచేసే మస్తాన్‌బీ నా చేతులు తిప్పి చూసి కసిరింది. "పాపమా నీ తలకాయా! నెల్లాళ్ళు మిరపకాయ ముట్టుకోమాక. కొబ్బరినూనె రాసుకుని ఇంట్లో కూర్చో. నీ కాయ కూడా నేనే తీస్తా, మేస్త్రీకి నేను చెప్పుకుంటా." ఆ నెలంతా తన వాటా అయ్యాక నా వాటాకు కూర్చుంది, మంటకు చేతులు గాలిలో విదిలించుకుంటూ కూర్చుంది. మూడోసారి మెషిను నా వేళ్ళు తీసుకుంది. పదిహేను రోజులకు వీసా వచ్చింది. ఒప్పుకున్నాక ద్వారం తెరుచుకుంది చూశారా అని మీరు సంతోషించారు, నేను నోరు మూసుకున్నాను. ఇది మాత్రం నేను నిజంగా చేసిన పాపం, దీనికి నన్ను క్షమించండి.

నేను వెళ్ళేసరికి కరుణ ఎముకల మీద తోలులా ఉంది. పక్కన కూర్చున్నాను. "నిజమేనా అక్కా, నా మీద ఏడ్చావా నువ్వు?" అని అడిగింది. సహోదరులారా, ఏ తల్లికీ ఏ అక్కకీ ఆ ప్రశ్న రాకూడదు. "అబద్ధమే. వేలిముద్రలు పడతాయేమోనని చెప్పానే" అన్నాను. అది నా వైపు చూసి, చూసి, నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అంది, "నేను నమ్మేశానక్కా. నమ్మాకే మళ్ళీ అపాయింటుమెంటు పెట్టాను. కుళ్ళుకునే అక్కయినా సరే, నువ్వే రావాలనుకున్నాను."

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. మొదటిసారే ముద్రలు పడి ఉంటే రెండు నెలలు ఉండవలసినదాన్ని తొమ్మిది రోజులే ఉన్నాను దాని దగ్గర, ఈ చేదు నా నోట్లోంచి పోలేదు, పోయిందని ఇక్కడ చెబితే ఇంకో అబద్ధమవుతుంది.

కానీ ఒక్కదాని నుంచి ఆయన నన్ను విడిపించాడు. ఏదో ఒకటి ఒప్పుకుంటే గాని కరగని దేవుడని, మేస్త్రీకి భయపడ్డట్టు ఆయనకు భయపడుతూ బతికాను. చనిపోతున్న నా చెల్లెలు నేను తన మీద ఏడ్చానని నమ్మి కూడా నన్ను రమ్మని పిలిచిందే, మరి దాన్ని పుట్టించినవాడు దానికంటే తక్కువవాడా? కాదు! ఆ నమ్మకం ఇచ్చినందుకు దేవునికే మహిమ, మస్తాన్‌బీని పంపినందుకు దేవునికే స్తోత్రం.

మీలో ఎవరి పనైనా ఆగిపోయి ఉంటే, ఎవరి ఇంట్లోనైనా జబ్బు తగ్గకపోతే, రండి, ఆయన్ని నమ్మండి, ఉన్నదున్నట్టు చెప్పుకోండి. చెయ్యని పాపాలు మాత్రం ఒప్పుకోకండి సహోదరులారా, మనకు చేసినవే చాలు.