రెండు వాగుల నడుమ ఆకు

షాలేమ్‌రాజు ఆకును పొడిగుడ్డతో మొదలు నుంచి కొసకు ఒక్క తుడుపు తుడిచాడు. ఎదురు తుడిస్తే నూగు రేగి మట్టి అందులోనే ఇరుక్కుంటుంది. నడిమి ఈనె కత్తిరించి పారేసి, మిగిలిన ఆకు ముక్కలు కాగితపు సంచిలో వేశాడు. సంచిని సిలికా గుండ్ల డబ్బాలో దూర్చి మూత బిగించాడు. ఆ గుండ్లు ఆకులోని చెమ్మను పీల్చుకుంటాయి. నీలంగా ఉన్నంతసేపే వాటికి సత్తువ. గులాబీరంగుకు తిరిగాయంటే ఇక పీల్చవు.

బయట వాన పట్టువదలడం లేదు. చర్లకు పోయే బాట ఒక వాగు కింద ఉంది, అడవిలోంచి వచ్చిన బాట ఇంకో వాగు కింద ఉంది. నడుమ నాలుగు గుడిసెలు. అందులో జంపక్క ఇంట్లో అతను చిక్కుబడ్డాడు. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

షాలేమ్‌రాజుది బోనకల్. పదితో చదువు ఆగింది. ఖమ్మంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పనికి చేరి, చూసి చూసి ఆకు సేకరించడం నేర్చుకున్నాడు. అక్కడ పరిశోధన గడ్డిలాంటి వెదుళ్ల మీద. గట్టి బొంగు కట్టని ఆ పొట్టి వెదుళ్లు దూరదేశాల అడవుల్లో ఉంటాయి. ఆకుకు పచ్చదనాన్నిచ్చే హరితరేణువుల్లో జన్యువుల రాత ఒకటి ఉంటుంది. తరాల మీద అది చాలా మెల్లగా మారుతుంది. ఆ మార్పులను పోల్చి, ఏ మొక్క ఏ మొక్కకు దగ్గరో తేలుస్తారు. పోలిక కోసం ఇక్కడి వెడల్పాకు గడ్డి ఒకటి కావాలి. అది పెరిగే వాగొడ్డు ఇప్పుడు నీటి అడుగున ఉంది. డబ్బాలో ఉన్నదే మిగిలింది. అది చెడితే ఆ పరిశోధన చేసే జెస్సికా మేడమ్ పని ఈ ఏటికి ఆగినట్టే. ఆమె నమ్మి అతణ్ణి ఒక్కణ్ణే పంపింది.

"గడ్డికి గూడ చుట్టరికాలు జూస్తున్రా తమ్మీ?" పొయ్యి ఊదుతూ జంపక్క నవ్వింది. "నీకు పిల్లనిచ్చేటప్పుడు గింత ఎతికిన్రో లేదో!"

"ఎతికితే ఇచ్చేటోళ్లా అక్కా?"

మరునాడు పొద్దున అతను వాగు చూసి వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉంది. ఆకు ముక్కలు చాటలో తడితడిగా ఉన్నాయి.

"ఏందక్కా గిట్ల చేసినవ్?"

"ఎండి పెళపెళ ఇరుగుతున్నది. మోసుకపోతే పొడైతదని జర నీళ్లు జల్లిన."

ఏటా ఎండాకాలం ఆమె బీడీలు చుట్టే తునికాకు ఎండబెట్టే కల్లంలో పనిచేస్తుంది. బస్తాకెత్తే ముందు ఆకు మీద నీళ్లు చల్లి మెత్తబరచడం అక్కడి పద్ధతి. ఆ సంగతి తెలిసీ అతని నోరు ఆగలేదు.

"అడగకుంట ఎందుకు ముట్టినవ్? పనంత ఖరాబు చేసినవ్!"

"మేలు జేస్తే మీదికొస్తవేంది? పో, వాగుల దునుకు!"

ఎక్కడికి పోతాడు? వాకిట్లో వాన, ఇంట్లో పొగ. తిట్టిన మనిషి కాచిన జావే తాగాలి. ఇద్దరూ గోడవైపు తిరిగి తాగారు. మూత తీసి ఉన్న డబ్బాలో గుండ్లన్నీ అప్పటికే గులాబీరంగు తిరిగాయి.

ల్యాబ్‌లో అయితే వాటిని ఓవెన్‌లో వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి.

"అక్కా, పాత మూకుడు ఉన్నదా? ఈ గుండ్లల్ల విషముంటది, ఏంచినంక మల్ల దాంట్ల వండొద్దు. పగిలింది ఇయ్యి."

ఆమె ఒకటి తెచ్చి ముందు పడేసింది. అతను గుండ్లు అందులో పోసి సన్నని సెగ మీద తిప్పాడు. కాసేపటికి జంపక్క పక్కన కూర్చుని కట్టె వెనక్కి లాగింది.

"మంట తగ్గియ్యి, పేలాలనుకున్నవా? సూడు, కొత్త పెండ్లికూతురు లెక్క ఎర్రగున్నయి."

నీలం తిరిగిన గుండ్లను చల్లార్చి డబ్బాలో పోశాడు. ఆకు ముక్కలను ఒక్కొక్కటే గుడ్డతో అద్ది, నల్లబడినవి పారేశాడు. పచ్చగా ఉన్నవాటిని కొత్త సంచుల్లో వేసి, ప్రతి సంచి మీద తడిసినట్టు గుర్తు పెట్టాడు. గుండ్లు రంగు మారినప్పుడల్లా వేయించి మార్చాడు. వాన తెరిపిచ్చేదాకా వాళ్లకు అదే పని అయింది.

వాగు నడుములోతుకు దిగాక డబ్బా నెత్తిన కట్టుకుని దాటాడు. అతని ఫోన్ కలవక వెతుక్కుంటూ వచ్చిన జెస్సికా అవతల జీపు దగ్గర ఎదురొచ్చింది.

"తడిసినయి మేడమ్. నల్లబడ్డయి పారేసిన. పచ్చగున్నయి మల్ల ఎండబెట్టిన."

"ఎట్ల తడిసినయి అన్నా?"

"ఇంట్లోళ్లకు చెప్పకుంట పెట్టి పోయిన. తప్పు నాదే."

జెస్సికా సంచులు విప్పి వెలుతురులో ఒక్కొక్కటి చూసింది. "అన్నీ పనికొస్తయని చెప్పలేను. మాకు గోరంత పచ్చటి ముక్క చాలు. వీటిని వేరుగా పరీక్ష చేస్తా."

గుర్తు పెట్టిన సంచులు లెక్కగా సర్ది, మూత బిగించి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని జీపెక్కింది.