కందకం ఇంటి దొర

రబ్బరు తోట దొర బంగళాలో నేను వంట చేసేదాన్ని. ఆయన వంటింట్లోకి ఎప్పుడొచ్చినా నా చేతులవంకే చూసేవారు. అడవిలోని తిరుగుబాటుదార్లకు బియ్యం ఎవరు పంపుతున్నారోనని ఆ రోజుల్లో అందరిమీదా అనుమానమే.

అదే అనుమానంతో పోలీసులు మా ఆయనను పట్టుకుపోయారు. మర్నాడు దొర, ఇంగ్లండులో నీళ్ళ కందకం మధ్య ఉన్న వాళ్ళ పాత ఇంటి కథ చెప్పారు, మా దగ్గర నేర్చిన తెలుగులోనే.

"కందకం దాటి శత్రువు రాలేకపోయినాడు. మా వంటమనిషే లోపల్నించి వంతెన దించినాది."

"ఎందుకు దించినాది దొరా?"

"ఆమె మొగుణ్ణి మా తాతలు చెరలో పెట్టినారు."

ఆ సాయంత్రమే దొర జీపులో వెళ్ళి మా ఆయనను విడిపించి తెచ్చారు. నేను దణ్ణం పెట్టాను. మర్నాటి నుంచి, మెర్దెకా, అదే తెల్లవాళ్ళ నుంచి స్వాతంత్ర్యం, వచ్చి ఆయన తన దేశం వెళ్ళిపోయేదాకా, తన టీని ముందుగా నన్నో గుక్క తాగమని, ఆ తరవాతే తాను తాగేవారు.