పిన్నిగారు సర్దిన ప్రయాణాలు

పోయిన నెల ఒక ఉదయం నేను ప్రార్థన ముగించి లేస్తుంటే గోడ అవతలి నుంచి పనిమనిషి పిలిచింది. పిన్నిగారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని చెప్పింది. పరుగున వెళ్ళి చూశాను. ముఖం ప్రశాంతంగా ఉంది. పడుకునే ముందు తల దువ్వుకుని జడ వేసుకున్నట్టున్నారు. బందరులో మా చర్చికి వచ్చే ఆడవాళ్ళలో ఆవిడ పంపగా ఏదో ఒక ఊరు చూసి రానివాళ్ళు తక్కువ. ఆవిడను ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఏమని పిలవాలో తెలియక తటపటాయిస్తుంటే, "పిన్నీ అనమ్మాయ్, నాకూ పిలిచేవాళ్ళు లేరు," అన్నారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారు. వేసవి సెలవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని పాత కోటలూ గుహలూ చూపించి వచ్చేవారు. తర్వాత వెన్నుకు జబ్బు చేసి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. పోయేదాకా గది కిటికీ పక్కన మంచమే ఆయన లోకమైంది.

ఆయన ప్రయాణాలు ఆగిపోయిన ఏడాదే పిన్నిగారు మా స్త్రీల సమాజాన్ని పోగేసి, "పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ తప్ప మనం గుడివాడ దాటింది లేదు. ఈ వేసవికి ఏదైనా చూసొద్దురుగాని," అన్నారు. చూసొద్దాం అనలేదు, చూసొద్దురుగాని అన్నారు. ఆయనను పూటకు కొన్నిసార్లు పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. అందుకని ఆవిడ రారు. వెళ్ళినచోట ఏం చూడాలో మాస్టారు చెప్పేవారు. ఎలా వెళ్ళాలో, ఏం తినాలో, ఏం మోసుకెళ్ళాలో ఆవిడ చెప్పేవారు.

తక్కువ ఖర్చులో వెళ్ళిరావడం ఆవిడ పట్టుదల. ప్యాసింజరు బండే ఎక్కాలి. వేసవి సెలవుల్లో బడులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆ ఊరి బడి వరండాలో పడుకోవడానికి మాస్టారి చేత ముందే ఉత్తరం రాయించేవారు. మొదటి పూటకు పెరుగన్నం, మర్నాటికి పులిహోర, ఆ తర్వాత అటుకులూ సున్నుండలూ. ముందు పాడయ్యేది ముందు తినాలి కాబట్టి సంచిలో అది పైన ఉండాలి. చీరలు రెండే, అవీ ముదురు రంగువి.

అందరూ నవ్వుకునే పద్ధతి ఇంకొకటుంది. బయల్దేరే ముందు ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ సర్దిన సంచులతో ఆవిడ వాకిట్లోకి రావాలి. ఆ సంచి పట్టుకుని స్టేషనుదాకా నడిచి తిరిగి రావాలి. రిక్షా ఎక్కకూడదు, ఒకరి సంచి ఇంకొకరు అందుకోకూడదు. దారిలో ఎవరు సంచి కింద పెడితే వాళ్ళు అందులోంచి ఒక వస్తువు తీసేయాలి. ఒకసారి హంపీ ప్రయాణానికి మా చర్చి పెద్దగారి భార్య ఆవకాయ జాడీ పెట్టుకొచ్చింది. ఆవిడ వీధి మలుపు తిరక్కుండానే సంచి దించింది. పిన్నిగారు జాడీని పైకి తీసి చూసి, "వదినగారూ, హంపీ మీరు చూస్తారా, దీనికి చూపిస్తారా?" అన్నారు. ఆవకాయ చిన్న సీసాలోకి మారింది. జాడీ ఇంట్లోనే ఉండిపోయింది.

మేం వెళ్ళేవి విగ్రహాలూ గుళ్ళూ ఉన్న చోట్లు కదా అని చర్చిలో కొందరు గొణిగారు. నాకూ మొదట మనసు ఒప్పలేదు. పిన్నిగారిని అడిగితే, "ఎవరో మనసు పెట్టి చేసిన పనమ్మా. ఆ చేతులిచ్చింది దేవుడేగా, చూసి రా," అన్నారు. నేను ఏ శిల్పం ముందు నిలబడినా ఆ మాటే గుర్తొచ్చేది.

ఆవిడకూ పొరపాట్లు జరిగాయి. మొట్టమొదట కొండపల్లి కోటకు పంపినప్పుడు అన్నీ పెట్టించారు గాని నీళ్ళు పెట్టించలేదు. పెట్టుకోవాలని మాకూ తోచలేదు. మన వైపు నాలుగడుగులేస్తే కాలువ. నీళ్ళు మోసుకెళ్ళాలని కాలువ గట్టున పుట్టినవాళ్ళకు ఎవరు చెబుతారు? మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ళ మీద నాలుకలు పిడచకట్టుకుపోయాయి. తిరిగొచ్చి చెబితే మాస్టారు పడీ పడీ నవ్వారు. పిన్నిగారు మాత్రం నొచ్చుకున్నారు. మళ్ళీ ప్రయాణానికి ప్రతి సంచికీ ఒక మరచెంబు చేరింది. అప్పటినుంచి ఎవరు తిరిగొచ్చినా, "ముందు పడ్డ కష్టం చెప్పండి, బాగున్నవి తర్వాత," అనేవారు. మా కష్టాలతోనే పై ప్రయాణం సర్దేవారు.

అలా ఉండగా నాగార్జునకొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారనీ, తవ్వకాల్లో బయటపడ్డ పాత నగరం ఉన్న లోయంతా మునిగిపోతుందనీ పేపర్లో వచ్చింది. మాస్టారు ఎన్నాళ్ళనుంచో చూడాలనుకున్న చోటు అది. ఆ వేసవికి మా గుంపు అక్కడికే అని తేలిపోయింది. ఒక సాయంత్రం నేను మజ్జిగ ఇవ్వడానికి వెళ్తే లోపల ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"నువ్వెళ్ళి చూసిరా. వీళ్ళంతా బాగుంది, పెద్దగా ఉంది అంటారు. నువ్వైతే నాకు కావలసినట్టు చెబుతావు," అంటున్నారు మాస్టారు.

"మిమ్మల్నొదిలి నేనెక్కడికి వెళ్తానండీ? చాల్లెండి."

"పైయేడు వెళ్దామంటే అది ఉండదే."

ఆవిడ చీర చెంగుతో కిటికీ ఊచలు తుడుస్తూ నిలబడ్డారు. ఆవిడకు వెళ్ళాలని ఎంత ఉందో అప్పుడు నాకు తెలిసింది.

ఆ రాత్రి ప్రార్థన చేసుకుని మా వారితో మాట్లాడాను. మాస్టారి స్నానపానాలు, పక్కకు తిప్పడం ఆయన చూస్తానన్నారు. వంట, మందులు నేను చూస్తానన్నాను. మర్నాడు చెబితే పిన్నిగారు ఒప్పుకోలేదు. "నీకు మాత్రం మళ్ళీ దొరుకుతుందా?" అన్నారు. మీరు చెబితే మాస్టారితోపాటు నేనూ వింటానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత వారమంతా ఆవిడ సర్దుతూనే ఉన్నారు, కాని సంచి కాదు. కారప్పొడి, ధనియాల పొడి, జావ పిండి సీసాలకెత్తారు. ఆయన పంచెలు ఏ రోజువి ఆ రోజుకు విడిగా మడతపెట్టారు. దిండు ఎటు పెడితే నడుము నొప్పి పుట్టదో మా వారిని కూర్చోబెట్టి చూపించారు. ఆదివారం నడకకు వచ్చినప్పుడు ఆవిడ సంచి వేలాడిపోతోంది. చర్చి పెద్దగారి భార్య ఇన్నేళ్ళ కసి తీర్చుకుంటూ సంచి విప్పి చూసింది. ఒక చీర, దువ్వెన, మరచెంబు ఉన్నాయి. "ఏమండీ వదినగారూ, మాకన్ని నీతులు చెప్పి, మీరు తిండి లేకుండానే వస్తున్నారా?" అని అడిగింది. ఆవిడ సంచిలోకి తనే ఆశ్చర్యంగా చూసుకున్నారు. ఆరోజు అందరం తలో కాస్త అటుకులూ సున్నుండలూ తెచ్చి ఆ సంచి నింపాం.

బయల్దేరే ఉదయం ఆవిడ గుమ్మందాకా వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళారు. దిండు సర్దారు, నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపారు. మళ్ళీ గుమ్మందాకా వచ్చి ఆగారు. మాస్టారు మంచం మీద నుంచే, "వెళ్ళవే. నువ్వొచ్చేదాకా నేనెక్కడికీ పోనులే," అన్నారు. ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆవిడ లేని ఆ కొద్ది రోజులూ మాస్టారు బండితోపాటే ప్రయాణం చేశారు. "ఇప్పుడు పెడన దాటుంటారు," "ఈపాటికి గుంటూరులో బండి మారుంటారు," "మాచర్లలో బస్సుకోసం చూస్తుంటారు," అని నాకు చెబుతూ జావ తాగేవారు. లోయలోకి దిగుంటారనుకున్న రోజున కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ముఖం ఎండకు నల్లబడింది. కాళ్ళు కడుక్కుని, భోంచేద్దురుగాని రండి అని నేనంటున్నా వినకుండా ఆయన పక్కన కూర్చున్నారు. సంచిలోంచి ఏటిలో ఏరుకున్న గులకరాళ్ళు గుప్పెడు తీశారు. ఆవిడ పుట్టింది హంసలదీవి వైపు. రాయన్నది చూడాలంటే రోలో పొత్రమో తప్ప దొరకని నేల.

ఆయన కాళ్ళ మీద కప్పి ఉన్న దుప్పటిని సరిచేసి, "ఇదిగో, ఈ కాలు ఈ పక్క కొండ. ఇది ఆ పక్క కొండ. మధ్యన పల్లం," అన్నారు. ఆ పల్లంలో రాళ్ళు ఒక్కొక్కటే పెట్టారు. "ఇది గుండ్రటి స్తూపం, లోపల బండిచక్రంలా గోడలున్నాయి. ఇక్కడ జనం చుట్టూ కూర్చుని ఆటలు చూసే మెట్లు. ఇవి ఏట్లోకి దిగే మెట్లు, వీటి మీద నేను కూర్చున్నాను," అన్నారు. మాస్టారు తల ఎత్తలేక ఎత్తి చూస్తుంటే ఆవిడ మెడ కింద చెయ్యి పెట్టారు. నేను అన్నం పళ్ళెంతో గడప దగ్గరే నిలబడిపోయాను.

"నీళ్ళు ఎంతవరకు వస్తాయన్నారు?" అని అడిగారాయన.

ఆవిడ చీర చెంగు విప్పి ఆ పల్లం మీద పరిచారు. రాళ్ళన్నీ మునిగాయి. ఆయన మోకాళ్ళు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. ఇద్దరూ కాసేపు అలాగే చూశారు.

"తియ్యి," అన్నారు మాస్టారు. "ఇంకోసారి చూస్తాను."

ఆవిడ చెంగును తన వైపు మెల్లగా లాగారు. రాళ్ళు ఒకటొకటిగా బయటపడ్డాయి.