స్విచ్ ఆపేసే మేడమ్

నోయిడాలో మా ఆఫీసుకు కరెంటు పోయినప్పుడల్లా ముందు ఏసీల హోరు ఆగుతుంది. కింద జనరేటర్ అందుకునే లోపు కాస్తంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో యూపీఎస్‌ల కీచు చప్పుడు, కిటికీ సందుల్లోంచి వేడి దుమ్ము వాసన. మా వాళ్ళందరూ "అరే యార్" అంటూ కుర్చీల్లో వెనక్కి వాలిపోతారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. స్విచ్ బోర్డు దగ్గర ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని గోడ వైపు చూస్తాను. పోయిన వారం కూడా చూశాను. ఎవరూ లేరు. ఉండరని తెలుసు. వసంత మేడమ్ పోయి ఏడాది దాటింది.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ కళ్ళజోడు తాడు, చెప్పులు ఈడుస్తూ నడక. వాళ్ళమ్మ తెనాలి దగ్గర పల్లె నుంచి నర్సుగా ఢిల్లీ వచ్చింది. మేడమ్ సరోజినీ నగర్ క్వార్టర్లలో పెరిగింది. గుర్‌గావ్‌లో పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసి, అందరూ ఆశ్చర్యపోయేలా అవన్నీ వదిలేసి చిన్న ఆసుపత్రుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టింది. ఓపీ చీట్లు, ల్యాబు, మందుల కొట్టు, బిల్లులు అన్నీ అందులోనే. అది ఓపెన్ సోర్స్. అంటే దాని లోగుట్టంతా అందరి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. నోయిడాకు మారకముందు లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మీద రెండు గదులు మా ఆఫీసు. కింద అకౌంట్స్ సారు మైకులో పాఠం చెబుతుంటే మాకు డెబిట్లు, క్రెడిట్లు అయాచితంగా వచ్చేశాయి.

నేను వరంగల్ వాణ్ణి. అప్పటికే ఒక కార్పొరేట్ కంపెనీలో పనిచేసి, నా అంత మొనగాడు లేడనుకుంటూ అక్కడికి వెళ్ళాను. ఇంటర్వ్యూ అంటే ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు తోసి, "ఏమేం వచ్చు రాజేందర్?" అంది.

"అన్నీ వస్తయ్ మేడమ్."

"అచ్ఛా. అన్నీ వచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. రేపట్నించి రా, చూస్తాను."

నాకప్పగించిన పని చెప్పాలంటే టిఫిన్ క్యారేజీ గుర్తు చేసుకుంటే చాలు. అంతవరకు సాఫ్ట్‌వేర్ అంతా ఒకే గిన్నెలో కలిపేసిన అన్నంలా ఉండేది. మందుల కొట్టు భాగంలో ఏదైనా చెడితే ఓపీ చీట్లు కూడా ఆగిపోయేవి. దాన్ని ముక్కలుగా విడదీయాలి. ఒక్కో ముక్కనూ, అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా, విడిగా ఒక డబ్బాలో సర్ది మూత పెట్టాలి. అలాంటి డబ్బానే మేము కంటైనర్ అంటాం. పెరుగు పాడైతే పెరుగు గిన్నె మార్చుకుంటే సరి, అన్నం పారబోయక్కర్లేదు. అన్ని డబ్బాలనూ ఏ ఆసుపత్రి కంప్యూటర్ మీద పెట్టినా, ఒక్క ఆజ్ఞతో అన్నీ లేచి పనిలోకి దిగాలి. వేసవి మొదట్లో మొదలుపెట్టి వానలు పడేసరికి పూర్తి చేశాను. చాలా బాగా చేశానని ఇప్పటికీ అంటాను.

చూపించిన రోజు అందరం ఆ చిన్న గదిలో ఇరుక్కుని కూర్చున్నాం. తెర మీద డబ్బాలన్నీ వరుసగా పచ్చరంగులోకి తిరిగాయి. నేను ఇంకా నా గొప్ప చెప్పుకుంటూనే ఉన్నాను. మేడమ్ లేచి, చెప్పులు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, సర్వర్ స్విచ్ టప్పున ఆపేసింది.

నా గుండె జారిపోయింది. "గట్లెట్ల ఆపేస్తరు మేడమ్!"

"నేను కాకపోతే విద్యుత్ శాఖ వాళ్ళు ఆపుతారు. వాళ్ళు నిన్నడిగి ఆపుతారా?" అని మళ్ళీ స్విచ్ వేసి, "నువ్వు మాత్రం కీబోర్డు ముట్టుకోకూడదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చో" అంది.

అది ఆ ఆఫీసు ఆచారమని తర్వాత తెలిసింది. ఎవరు ఏం తయారుచేసినా ఆవిడ స్విచ్ ఆపుతుంది, తయారుచేసిన వాడు చేతులు కట్టుకుని చూడాలి. నోరు కూడా తెరవకూడదు. కొత్తవాళ్ళకు ఇది అవమానంలా ఉండేది. నాకైతే ఒళ్ళు మండింది. కానీ ఆ రోజు నా డబ్బాలన్నీ వాటంతట అవే లేచి మళ్ళీ పచ్చబడ్డాయి. నేను మీసం మెలేసినంత పని చేశాను. ఆవిడ "ఠీక్ హై" అని టీ తాగేసి వెళ్ళిపోయింది.

నా డబ్బాలను లోకం ముందు పెట్టాక, ఎక్కడో ఉన్న ముఖం తెలియని మనిషి ఒకడు అవి మరీ బరువుగా ఉన్నాయని రాశాడు. మా ఊళ్ళో నెట్ నెమ్మది, దించుకోవడానికి రోజంతా పట్టింది, వంటకు పనికొచ్చిన కత్తిపీట, రోలు కూడా క్యారేజీలో పెట్టి పంపితే ఎలా అన్నట్టుగా ఉంది ఆ రాత. నిజానికి నేను పెట్టినవి అలాంటివే. తయారీకి వాడిన పనిముట్లన్నీ లోపలే వదిలేశాను. అయినా మండిపడి ఘాటుగా జవాబు రాయబోయాను. మేడమ్ నా వెనక నిలబడి చదివి, "ఆ పెద్దమనిషికి జీతం నువ్విస్తున్నావా?" అంది.

"లేదు మేడమ్."

"నీకేమన్నా చుట్టమా?"

"కాదు."

"మరి ఏ లాభం లేకుండా రోజంతా కూర్చుని నీ పని ఓపిగ్గా చూశాడు. మీ ఇంట్లో వాళ్ళైనా చూశారా అంతసేపు? ముందు థాంక్స్ రాయి. పోట్లాట తర్వాత చూసుకుందువుగాని."

రాశాను. పోట్లాడాల్సిన అవసరం రాలేదు, డబ్బాల బరువు సగానికి పైగా తగ్గించాను. ఆ మనిషి తర్వాత మా పనిలో చాలా సాయం చేశాడు. ఈ రోజుకీ అతని ముఖం నాకు తెలియదు.

ఇంత చేసినా మా సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా నమ్ముకున్న ఆసుపత్రి ఒక్కటీ లేదు. అందరూ బాగుందనేవారు, వాడటానికి మాత్రం జంకేవారు. చివరికి ఘాజియాబాద్ వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఒప్పుకుంది. అక్కడి నర్సింగ్ సూపరింటెండెంట్ సుశీల ఆంటీ మేడమ్ వాళ్ళమ్మకు స్నేహితురాలు. ఆ మొహమాటం మీద ఒప్పుకుంది తప్ప ఆవిడకూ నమ్మకం లేదు. ఒక సోమవారం ఓపీ మా సాఫ్ట్‌వేర్ మీద నడపాలి, సజావుగా నడిస్తే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. మేడమ్ మా అందరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పింది. "వీళ్ళు కాదంటే ఈ దుకాణం కట్టేస్తాను. ఎవరూ వాడని దాన్ని ఎంత గొప్పగా కట్టి ఏం లాభం? మీరు వేరే ఉద్యోగాలు చూసుకోండి, నేను సిఫారసు చేస్తాను." ఆవిడ మాట తప్పదని మా అందరికీ తెలుసు. నాకు ఉద్యోగం గురించి బెంగ లేదు, ఎక్కడైనా దొరుకుతుంది. ఈ పని ఆగిపోతుందన్న మాట మాత్రం మింగుడుపడలేదు. అంత ఇష్టం ఎప్పుడు కలిగిందో నాకే తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఓపీ ముగిశాక ఆసుపత్రికి వెళ్ళి అన్నీ పెట్టాం. వాళ్ళ కంప్యూటర్ పాతది, మెట్ల కింద గదిలో ఉంది. అన్నీ లేచాయి. సుశీల ఆంటీ చూస్తుండగానే మేడమ్ మామూలుగా వెళ్ళి స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. నేను ధీమాగా ఉన్నాను. ఈసారి ఓపీ చీట్ల డబ్బా లేవలేక ఎర్రబడింది. ఎంతసేపు చూసినా ఎర్రగానే ఉంది.

"నా మిషిన్ల మంచిగనే నడిచింది గద మేడమ్" అన్నాను. నోరు మూసుకోవాలన్న నియమం కూడా మరిచిపోయాను.

"అయితే నిన్నూ నీ మిషన్నూ కలిపి ఇక్కడే వదిలేసి పోతాను. ఓపీలో కూర్చుని చీట్లు రాద్దువుగాని" అంది మేడమ్.

సుశీల ఆంటీ నవ్వలేదు. "వసంతా, తెల్లారకముందే వచ్చి నిలబడతారే జనం. కరెంటు పోయినప్పుడల్లా ఇది ఇట్టా మొరాయిస్తే వాళ్ళకేం చెప్పను? సోమవారం పొద్దున దాకా చూస్తాను, అంతే" అని తన వార్డుకు వెళ్ళిపోయింది.

ఏం జరిగిందో కనుక్కోవడం కష్టం కాలేదు. కరెంటు వచ్చాక అన్ని డబ్బాలూ ఒకేసారి లేస్తాయి. చీట్ల డబ్బాకు పేషెంట్ల వివరాలు దాచిన డేటాబేస్ కావాలి. అది లేవడానికి మా ఆఫీసులో ఎంతసేపు పడుతుందో చూసి, అంతసేపు ఆగమని చీట్ల డబ్బాకు చెప్పాను. ఈ పాత కంప్యూటర్ మీద డేటాబేస్ తీరిగ్గా లేస్తోంది. చీట్ల డబ్బా చెప్పినంతసేపూ ఆగి, తలుపు తట్టి, ఎవరూ పలకకపోయేసరికి పడిపోతోంది. ఇంకాస్త ఎక్కువసేపు ఆగమని రాస్తే సరిపోతుందన్నాను. మేడమ్ ఆ మెట్ల మీద కూర్చుని నన్నూ కూర్చోమంది.

"మా అమ్మ ఉదయం డ్యూటీకి వెళ్ళేసరికి డాక్టరు వచ్చేవాడు కాదు. ఒక్కోరోజు బాగా ఆలస్యమయ్యేది. డాక్టరు రాలేదని అమ్మ ఇంటికొచ్చేసేదా?"

"రాదు మేడమ్."

"మరి ఏం చేసేది?"

"పనిలుంటది. మంచాలు సర్దుతది, జరం చూస్తది. డాక్టర్ వచ్చిండా అని మధ్యమధ్యల చూస్తుంటది."

"డాక్టరు ఎన్నింటికొస్తాడో ఆమెకు తెలుసా?"

తెలియదన్నాను. ఆవిడ చున్నీతో ముఖం తుడుచుకుని, మెట్ల కింద ఆ పాత కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంది. నా చదువులో ఇదంతా ఉంది. పుస్తకాల్లో చదివి పరీక్షల్లో రాసి వచ్చినవాణ్ణే. అయినా నా బుర్రకెక్కింది మాత్రం ఆ మెట్ల మీదే.

ఆదివారం ఆవిడ చర్చిలో ఆరాధన ముగించుకుని నేరుగా ఆఫీసుకు వచ్చేసింది. నేను అప్పటికే ప్రతి డబ్బానూ తిరగరాస్తున్నాను. ఎంతసేపు ఆగాలో ఈసారి ఏ డబ్బాకూ చెప్పలేదు. నీకు కావలసినవాళ్ళు ఇంకా లేవకపోతే పడిపోకుండా ఉండు, నీ అంతట నువ్వు చేయగలిగింది చేస్తూ ఉండు, కాసేపటికొకసారి అడుగుతూ ఉండు అని రాశాను. ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో డబ్బా వంతు రాగానే "వీడికి డాక్టరెవరు?" అని అడిగేది. మందుల కొట్టుకు ఎవరు, బిల్లులకు ఎవరు అని వెతుక్కుంటూ పోయాం. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి, పాతవి తీసి కొత్తవి పెట్టాం. ఆవిడ తన చేయి నొప్పి పుట్టేదాకా స్విచ్ ఆపుతూ, వేస్తూ ఉంది. అన్నిసార్లూ లేచాయి.

సోమవారం లైను గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. చీట్లు రాసే దీదీ మా సాఫ్ట్‌వేర్‌ను అనుమానంగా చూస్తూనే పేర్లు కొట్టసాగింది. పదకొండు కావస్తుండగా ఫ్యాన్లు ఆగాయి. ఈసారి నిజంగానే కరెంటు పోయింది. తెర నల్లబడింది. లైనులో గొణుగుడు మొదలైంది, ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. నేను మెట్ల కింది గదికి పరుగు తీయబోతే మేడమ్ నా చొక్కా పట్టుకుని లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది. "కూర్చో. రోజూ ఇక్కడికొచ్చి పరిగెత్తుతావా?" అంది. నేను కూర్చున్నాక కూడా నా చొక్కా వదల్లేదు. ఆవిడకూ భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

జనరేటర్ అందుకుంది. తెర వెలిగింది. 'దయచేసి ఆగండి' అన్న మాట హిందీలో కనిపించి కాసేపు అలాగే ఉంది. నాకది చాలాసేపు అనిపించింది. తర్వాత పేర్ల పట్టీ వచ్చింది, ఆఖరున కొట్టిన పేరు అలాగే ఉంది. దీదీ జుట్టు వెనక్కి తోసుకుని, "ఆగే ఆయియే" అని తర్వాతి మనిషిని పిలిచింది. మా వైపు చూడనైనా లేదు.

నేను మెచ్చుకోలు కోసం మేడమ్ ముఖంలోకి చూశాను. "దీదీ నీ వంక చూసిందా?" అని అడిగింది.

"చూడలే."

"ఇంకేం కావాలయ్యా నీకు! చలో, బ్రెడ్ పకోడా తిందాం" అని నవ్వేసింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, నేను చూడనట్టు నటించాను. ఆసుపత్రి మా సాఫ్ట్‌వేర్‌ను ఉంచుకుంది. సుశీల ఆంటీ తనకు తెలిసిన ఇతర ఆసుపత్రులకు కూడా చెప్పింది. అవి ఇంకొందరికి చెప్పాయి. తర్వాత ఒకరోజు మేడమ్, ప్రాజెక్టులోకి ఏ మార్పు రావాలన్నా తుది మాట నాదేనని మార్చేసి, ఆ సంగతి భోజనాల దగ్గర ఉప్పు అందించినంత మామూలుగా చెప్పింది. నాకూ బెదురు కలగలేదు. నేను చేయగలనని అప్పటికి నాకు తెలుసు, ఆ తెలియడం ఆవిడ పెట్టిన భిక్షే.

ఆవిడ గుండె జబ్బుతో పోయింది, ఎక్కువ రోజులు మంచాన పడకుండా. భూస్థాపన సోమవారం జరిగింది. ఆ పొద్దున్నే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల కావాల్సి ఉంది. ఆపేద్దామా అని మా వాళ్ళు అడిగారు, వద్దన్నాను. సమాధుల తోటలో తెలుగు కీర్తనలు పాడుతుంటే నా ఫోన్‌లో సందేశాలు ఒకటొకటిగా వస్తున్నాయి. మేము ఎన్నడూ చూడని ఊళ్ళలో, మేము పేర్లు వినని ఆసుపత్రులు కొత్త డబ్బాలను వాటంతట అవే పెట్టుకుంటున్నాయి. వాళ్ళలో ఒక్కరికీ ఈవిడ తెలియదు, ఈవిడ పోయిందనీ తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసిన మనిషికి ఒక్క నిమిషమైనా ఎవరూ ఆగరా అని కోపం కూడా వచ్చింది.

పక్కనే తెల్ల చీరలో సుశీల ఆంటీ కళ్ళు తుడుచుకుంటోంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఆంటీ, ఇయ్యాల అక్కడ సిస్టం ఎట్లున్నది?" అని అడిగాను.

ఆవిడ అర్థం కానట్టు చూసింది. "ఎట్టా ఉండేదేంటయ్యా, నడుస్తోంది. సోమవారం కదా, లైను బాగా ఉంది. ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరు ఏం అనలేదు ఆంటీ" అన్నాను. ఎవరూ ఏమీ అనకపోవడం కోసమే మేడమ్ అన్నేళ్ళు చెప్పులు అరగదీసిందని అంతలో తట్టి, ఏడుస్తున్నవాణ్ణి కాస్తా అందరి ముందూ పకపకా నవ్వేశాను. పాస్టరు గారు తలెత్తి చూశారు. నేను ఆపుకోలేదు. ఘాజియాబాద్‌లో ఆ వేళకు దీదీ ఎవరో ముసలామె పేరు కొడుతూ ఉంటుంది.