పూలజడ కుట్టే శేషు మావయ్య, మా పిన్ని పెళ్లి క్యాసెట్

మా చిన్నప్పుడు పెళ్లయిన నెలకో రెండు నెలలకో వీడియో క్యాసెట్ వచ్చేది... అది వచ్చిందంటే ఇంట్లో ఇంకో పెళ్లే. భవానీపురంలో మా హాలు నిండా చాపలు పరిచి, జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని, పామర్రులో జరిగిన పిన్ని పెళ్లి చుట్టాలందరం చూశాం.

అందులో శేషు మావయ్య ఉన్నాడు. అమ్మకి పెదనాన్న కొడుకు. నడక కాస్త నాజూకు, మాట్లాడితే చేతులు తిరిగేవి. మా వాళ్లలో ఏ పెళ్లికూతురికైనా పూలజడ కుట్టేది ఆయనే... పొద్దున్నే తడిగుడ్డలో మొగ్గలు పోసుకుని కూర్చునేవాడు.

"నీ పెళ్లికి కనకాంబరాలు కూడా కలపనే, ఒట్టి మల్లెమొగ్గలతో కుడతా" అని నాకు మాటిచ్చాడు. అప్పటికి నాకు పదేళ్లు.

క్యాసెట్‌లో మావయ్య పిన్ని జడ సర్దుతున్నాడు. మిక్సింగ్ చేసినవాడికి ఏం సరదా పుట్టిందో... అప్పటి సినిమాల్లో నడుం తిప్పుకుంటూ ఓ ఆడంగి వేషం వస్తే వాయించే కామెడీ మ్యూజిక్ ఉండేది, అది తెచ్చి అక్కడ పెట్టాడు. మావయ్య చెయ్యి తిప్పిన ముక్కని ముందుకీ వెనక్కీ మూడుసార్లు ఆడించాడు.

హాలంతా పగలబడి నవ్వారు. పెద్ద మావయ్య కళ్లు తుడుచుకుంటూ "ఏదీ, ఇంకోసారి వెయ్యవే" అన్నాడు. రిమోట్ నా చేతిలో ఉంది... వేశాను. నాలుగుసార్లు వేశాను.

శేషు మావయ్య గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఆయనా నవ్వాడు. "మ్యూజిక్ బానే పెట్టాడు" అన్నాడు. మంచినీళ్లకని లేచి వెళ్లి, మళ్లీ హాల్లోకి రాలేదు.

అంతకుముందు ఆయన నడక గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆ తర్వాత ఎవరు ఆయన్ని తలుచుకున్నా ముందు నోటితో ఆ మ్యూజిక్ వాయించేవారు. ఆయన ఎదురుగానే... ఏమన్నా అంటే "సరదాకేగా". ఆ మాట వింటే ఇప్పటికీ అసహ్యమేస్తుంది నాకు.

నా పెళ్లికి నేనే ఫోన్ చేసి పిలిచాను.

"వీడియోవాళ్లు ఉంటారుగా తల్లీ... జడ పంపిస్తాలే" అన్నాడు.

పంపించాడు. తడిగుడ్డ చుట్టి, అరిటాకులో పెట్టి, పామర్రు బస్సు కండక్టర్ చేత. ఒట్టి మల్లెమొగ్గలే... మాట తప్పలేదు. నా పెళ్లి వీడియోలో ఆ జడ చాలాసేపు కనిపిస్తుంది. కుట్టిన మనిషి ఎక్కడా లేడు. ఇప్పటికీ అంతే, ఎవరి పెళ్లికైనా జడ వస్తుంది, ఆయన రాడు.

మొన్న మా అమ్మాయి ఫోన్ చూస్తూ పడీపడీ నవ్వుతోంది. ఏంటా అని చూస్తే రీల్... నాజూగ్గా నడిచి వెళ్తున్న ఎవరో కుర్రాడు, వెనక అలాంటి మ్యూజిక్కే. మిక్సింగ్ చేసినవాణ్ణి ఇన్నేళ్లూ తిట్టుకున్నాను గానీ, వాడు మూడుసార్లే వేశాడు. నేను నాలుగుసార్లు.

క్యాసెట్లు పోయాయి, రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పే పనీ పోయింది... ఇప్పుడు అయిపోగానే దానంతటదే మళ్లీ మొదలవుతోంది.

మీ ఇంటి పెళ్లి క్యాసెట్‌లో అందరూ కలిసి ఎవర్ని చూసి నవ్వారో గుర్తుందా? ఉంటే రాయండి... ఆ మనిషి ఆ తర్వాత మీ ఇంట్లో ఏ పెళ్లికి వచ్చారో కూడా రాయండి.