పశువుల ఎండాచలీ ఎరిగిన మా భూమవ్వ వదిన

మా వదినగారు భూమవ్వ పరమపదించారన్న కబురు రాజురా బడిలో పాఠం చెబుతుండగా నా చెవిన పడింది. కబురు తెచ్చిన మా పాలేరు పోశెట్టి గుమ్మం దగ్గరే నిలబడి, "సారూ, పెద్దమ్మ పోయింది" అని తల వంచుకున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందు చూడబోయినప్పుడు జ్వరతీవ్రతలో కూడా మంచం మీద లేచి కూర్చుని, పశువుల కొట్టానికి ఉత్తరం దిక్కు తడక కట్టారా లేదా అని ఆరా తీసిన మనిషి! ఆ గంభీర కంఠస్వరం ఇంత త్వరగా మూగవోతుందని నేను కలలోనైనా తలచలేదు.

కోర్పన వైపు సరిహద్దు పల్లెలో మాది తరతరాల తెలుగు వ్యవసాయ కుటుంబం. మా అన్నగారు అకాలంగా కన్నుమూసిన నాటి నుంచి పొలాన్నీ, మందనూ ఒంటిచేత్తో నడిపిన ధీరురాలు ఆమె. చాందా బజారుకు ఎడ్లు కొనడానికి మా ఊరి మగవాళ్లు పోతే, వెంట ఆమె ఉండాల్సిందే. పశువు డొక్క ఎగిసిపడే తీరు చూసి, అది ఎండకు రొప్పుతోందో, రోగానికి రొప్పుతోందో చెప్పేది. ఆ మాట మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

ఒక వేసవి సెలవుల్లో మా ఎద్దు మధ్యాహ్నపు మేత ముట్టలేదు. నేను కంగారుపడి పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోదామన్నాను. వదిన నవ్వింది.

"ఎందుకు పరేషాన్ అయితవ్ శంకరయ్యా? గీ ఎండల తింటే కడుపుల ఇంకింత వేడి పుడ్తది. గందుకే అది లోపల పొయ్యి తగ్గించుకున్నది. పొద్దుగూకినంక ఎయ్యి, తింటది."

సాయంత్రం ఆ ఎద్దు గాటి నిండా వేసిన చొప్పను పుల్ల మిగల్చకుండా తిన్నది. అదే పుష్యమాసం వస్తే, చలికి పొయ్యి ఎగదొయ్యాలె అంటూ ప్రతి పశువుకూ ఇంకో మోపు ఎక్కువ వేయించేది. లేగదూడలకు గోనెపట్టాలు తానే కుట్టి కప్పేది.

ఆమెది మెత్తని మనసే గాని మెత్తని నోరు కాదు. ఒకసారి ఆమె సొంత తమ్ముడు పెండ్లివారితో బండి కట్టుకుని మిట్టమధ్యాహ్నం మా వాకిట్లో ఆగాడు. ఎడ్ల నోట నురుగు కనిపించగానే వదిన తానే పోయి కాడి దించేసింది. "ముహూర్తం తప్పిపోతది అక్కా!" అని తమ్ముడు మొత్తుకున్నాడు. "ముహూర్తం నీది. పానం ఎడ్లది. పొద్దు వాలినంక పో" అంది. ముహూర్తం తప్పనే తప్పింది. ఆ తమ్ముడు చాలాకాలం మా గడప తొక్కలేదు. వదిన చింతించనూ లేదు.

అయితే ఆమె వ్యక్తిత్వం సంపూర్ణంగా ప్రకాశించింది మన రాజురా తాలూకా ఆదిలాబాదు నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిశాక వచ్చిన తొలి వేసవిలో. మా ఊరి వాగే కొత్త సరిహద్దు అయింది. ఎండాకాలం వాగంతా ఎండిపోగా, నీళ్లు నిలిచేది అవతలి గట్టు కింద మడుగులోనే. మా బర్రెలు తరతరాలుగా మధ్యాహ్నం ఆ మడుగులో పండుకుని, పొద్దు వాలాక ఇంటికి వచ్చేవి. ఒకనాడు అవతలి అడవి చౌకీదారు వాటిని పట్టుకుని తమ ఊరి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాడు. కాపరి పరుగున వచ్చి చెప్పగానే వదిన కొంగు నెత్తిన కప్పుకుని బయలుదేరింది. నేనూ వెంట నడిచాను.

దొడ్డిలో నీడ లేదు, నీళ్లు లేవు. బర్రెలు నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. ఒక చూడి బర్రె పక్కకు ఒరిగి పడిపోయి ఉంది.

"ఇది ఆంధ్ర సర్కారు జంగల్ అమ్మా. మీరు బొంబాయోళ్లు. సాబ్ వచ్చి హుకుం ఇస్తేనే తాళం తీస్త" అన్నాడు చౌకీదారు.

నేను ఆవేశంతో చట్టాలు వల్లించబోయాను. వదిన నా చెయ్యి పట్టి ఆపింది. "తాళం తియ్యకు బిడ్డా, నీ నౌకరి నువ్వు చెయ్యి. బాయి ఎక్కడున్నదో చెప్పు. బర్రెకు మనలెక్క చెమట పట్టది. నీళ్లే దానికి చెమట."

ఆ ఊరి ఆడవాళ్లను కేకేసి పిలిచింది. బిందెలు వచ్చాయి. "ముందుగాల కాళ్ల మీద, ఎన్కకు మెడ మీద. నోట్లె కొంచెం కొంచెం పొయ్యండ్రి" అంటూ కంచె మీది నుంచి నీళ్లు పోయించింది. కాసేపటికి చౌకీదారు కూడా లేచి తన బకెట్టు తెచ్చాడు. కంచె లోపలికి దిగి, పడిపోయిన బర్రె తల ఎత్తి పట్టుకున్నది అతడే.

సాయంత్రం అటవీ అధికారి వచ్చాడు. వదిన నమస్కరించి, "సాబ్, మా బర్రెలు మీ ఆకు ముట్టయి. ఎండపొద్దు నీళ్లల్ల పండుకుంటయి, చల్లబడంగనే ఇంటికి మర్లుతయి. నా మాట నమ్మకుండ్రి. రేపు మీరే వచ్చి చూడుండ్రి" అంది. ఆయన అప్పటికి తాళం తీయించి, మర్నాడు నిజంగానే వచ్చాడు. చెట్టు నీడన కూర్చుని, నీటిపైకి ముక్కులు మాత్రమే తేల్చి పడుకున్న మందను చాలాసేపు చూశాడు. మేత మేపకూడదు, కాపరి వెంట ఉండాలి అన్న షరతులతో మధ్యాహ్నం పూట అనుమతి ఇచ్చాడు. ఆ షరతులను వదిన ఎన్నడూ తప్పలేదు.

చూడి బర్రె బతికింది గాని, కడుపులో దూడ దక్కలేదు. "తల్లి దక్కింది" అని మాతో అన్నదేగాని, ఆనాడు వదిన అన్నం ముట్టలేదు. ఆ చలికాలం అకాలవర్షం కురిసి అవతలి ఊళ్లో కొట్టాలు కూలినప్పుడు, వాళ్ల దూడలన్నిటినీ మా కొట్టానికి తోలుకు రమ్మని కబురు పంపింది. మా ఎడ్లను వసారాలో కట్టి వాటికి చోటిచ్చింది.

ఇప్పుడు మనది మహారాష్ట్ర. రాష్ట్రాలు మారినా మా పల్లె ధైర్యం ఆ తల్లే. నాకు మాతృసమానురాలైన ఆ పుణ్యమూర్తికి అశ్రునయనాలతో అంజలి ఘటిస్తున్నాను. మొన్న పొరుగు రైతు ఒకడు రొప్పుతున్న ఎద్దును తోలుకుని అలవాటుగా మా వాకిట్లోకి వచ్చాడు. "పెద్దమ్మా..." అని పిలిచి, నా ముఖం చూసి ఆగిపోయాడు. నేను బిందె తెచ్చి, ముందుగా ఎద్దు కాళ్ల మీద, తర్వాత మెడ మీద నీళ్లు పోశాను.