అక్క గొంతుకు పెట్టె వెతికిన పది నెలలు

ఆ రోజుల్లో నేను మరీ కుర్రవాణ్ణి. అరవై ఒకటి నిండి రెండు నెలలే. ఉద్యోగం నన్ను వదిలేసింది, బుద్ధి ఇంకా వచ్చి చేరలేదు. రెండు వేల పన్నెండులో మేడ్చల్‌లోని మా ఇంటి ముందుగదిలో నేను కళ్ళు మూసుకుని పాట వినే తీరు చూస్తే ఎవరైనా దండం పెట్టాల్సిందే. షామీర్‌పేట చెరువులో చేప ఎగిరిపడితే, అది ఏ రకం చేపో మా ఇంట్లో కూర్చుని చెప్పగల చెవి నాది. (చేప సంగతి అబద్ధం. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా మా ఆవిడనే అడిగేవాణ్ణి.) అయినా ఈ చెవి కథను చుట్టాలందరికీ చెప్పి చెప్పి చివరికి నేనే నమ్మేశాను. నాతో పాటు నమ్మిన మనిషి ఇంకొకడున్నాడు, మా బావ.

బావ అంటే మా అక్క పెనిమిటి. అలియాబాద్‌లో నలభై ఏళ్ళు మైక్‌సెట్ నడిపాడు. చుట్టుపక్కల పెళ్ళయినా, బోనాలయినా ఆయన హారన్లే మోగాలి. హారన్ సరిగ్గా పలుకుతోందో లేదో తెలుసుకోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ఏకంగా దాని నోట్లో చెవి పెట్టి వినేవాడు. ఆ మోతలో మాట వినపడదు కనుక, యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్న మనిషికి దూరం నుంచే చేతితో చెప్పేవాడు. అరచెయ్యి ఎత్తితే పెంచు, దించితే తగ్గించు, పిడికిలి బిగిస్తే బాగుంది, అట్లాగే ఉంచు. ఇంట్లో కూర ఎట్లా ఉందని అక్క అడిగినా పిడికిలే సమాధానం. ("నోరు తిననీకేనా, మాట్లాడనీకె గాదా" అని అక్క సాధించేది.) అక్క పోయి అప్పటికి రెండేళ్ళు. ఆమె పోయాక ఆయన మాటలు తగ్గించి చేతులతోనే రోజులు వెళ్ళదీస్తున్నాడని మేమంతా అనుకున్నాం.

ఒకరోజు షేర్ ఆటో దిగి, చంకలో బిస్కెట్ డబ్బాతో వచ్చాడు. డబ్బాలో రుమాలు, రుమాలులో క్యాసెట్. "గిండ్ల మీ అక్క గొంతుంది బామ్మర్దీ. బతుకమ్మ నాడు నేనే రికార్డు జేసిన. నా టేపు రికార్డరేమో రీలు నములుతాంది, పెట్టాల్నంటె భయమైతాంది. ఒక్కపారి వినిపియ్యి, సాలు" అన్నాడు.

నిజానికి అది ఒక్క రోజు పని. సుచిత్ర చౌరస్తా దగ్గర దుకాణంలో ఇస్తే మర్నాటికల్లా క్యాసెట్లో పాటను కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారు. నా కంప్యూటరుకు రెండు చిన్న స్పీకర్లు ఉండనే ఉన్నాయి. నొక్కితే మోగేది. కానీ నేను మామూలు మనిషినా? "అక్క గొంతును గీ డబ్బ స్పీకర్లల్ల వింటవా బావా? ఆగు. అసలైన డాక్ తెప్పిస్త. అక్క వచ్చి గా కుర్చీల కూసున్నట్టే ఉంటది" అన్నాను. డాక్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. కంప్యూటర్ పాటను అంకెలుగా దాచుకుంటుంది, ఆ అంకెలను మళ్ళీ పాటగా మార్చేదే డాక్. గోరంత ముక్క ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. అయితే దానితో వినేవాడు మనిషే కాదని ఇంటర్నెట్‌లో నాలాంటి పెద్దమనుషులు రాసేవారు. విడిగా పెట్టె కొనాలట, అది ఇటుకంత బరువుండాలట, దానికి పెద్ద స్పీకర్లు తగిలించాలట. స్పీకర్లు ముందే కొనేశాను.

బావ నా ముఖం వంక చూసి, "ఎన్ని దినాలైతది?" అన్నాడు. పది రోజులన్నాను. పది నెలలు పట్టింది.

ఆ పది నెలల్లో పన్నెండు పెట్టెలు పరీక్షించాను. (మూడు. అందులో ఒకటి రెండుసార్లు వచ్చింది.) సికింద్రాబాద్‌లో ఒక దుకాణదారు నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకొమ్మని ఇచ్చేవాడు. కరెంటు కోత లేని వేళ చూసుకుని, ఆదివారం పూట పరీక్ష. న్యాయమూర్తి బావే. నలభై ఏళ్ళు మైకులతో బతికిన చెవి కదా. నేను సన్నాయి ముక్క ఒకటి మొదటి పెట్టెలో వినిపించేవాణ్ణి, తర్వాత రెండో పెట్టెలో. వింటూ కళ్ళు మూసి, తల ఊపి, "ఇందులో గాలి ఆడుతోంది", "తెర తీసినట్టుంది" అని ఇంటర్నెట్‌లో నేర్చిన మాటలు వల్లించేవాణ్ణి. కళ్ళు తెరిచేసరికి బావ పిడికిలి బిగించి ఉండేవాడు. అదీ తీర్పు. అక్క పాట మాత్రం ముట్టలేదు. సరైన పెట్టె దొరికేదాకా ముట్టకూడదని నేనే నియమం పెట్టాను.

"అన్న అడిగింది వదిన గొంతు" అనేది మా ఆవిడ చాయ్ గ్లాసులు పెడుతూ. "మీరేమో ఆదివారం ఆదివారం సన్నాయి ఊదిస్తున్నరు. పెండ్లి ఎవరిదో చెప్తె అక్షింతలన్న కలుపుత."

మొదట్లో బావ కూడా అడిగేవాడు, "ఇయ్యాల పెడ్తవా?" అని. ఇంకొక్క పెట్టె చూద్దామనేవాణ్ణి. ఎండలు ముదిరాక అడగడం మానేశాడు. మైక్‌సెట్ మనిషి కదా, ఓపిక ఎక్కువ అని మెచ్చుకున్నాను కూడా.

చివరికి జర్మనీ పెట్టె ఖాయమైంది. నల్లగా, రుబ్బురోలంత బరువు. (ఇటుకంత.) ఆ ఆదివారం బావ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మా ఆవిడ గది మధ్యలో కుర్చీ వేసింది. నేను మీట నొక్కాను. ముందు గాజుల చప్పుడు, ఎవరో దగ్గడం, ఆ వెంటనే అక్క. "మైకు మూతికి తాకిస్తున్నవేంది, జర దూరం బెట్టు. నీకు నా పాట గావాల్నా, నా పండ్లు గావాల్నా?" ఆడవాళ్ళ నవ్వులు. తర్వాత చప్పట్లు, పాట. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మూసుకోవాలని కానీ, గాలి గురించి మాట్లాడాలని కానీ నాకు తోచలేదు. బావనే చూస్తూ నిలబడ్డాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, నన్నే చూస్తున్నాడు. పాట రెండో చరణంలో పడింది.

"ఇగ పెట్టు బామ్మర్దీ" అన్నాడు మెల్లగా. "ఎంతసేపు సతాయిస్తవ్?"

మా ఆవిడ నా వంక చూసింది. నేను పెట్టె మోత పెంచాను. కిటికీ అద్దాలు అదిరాయి. పాట మోగుతూనే ఉందని బావకు అప్పుడు తెలిసింది. అరచెయ్యి ఎత్తాడు, పెంచు. పెంచాను. ఇంకా ఎత్తాడు. పెట్టెలో ఇక పెంచడానికి ఏమీ మిగలలేదు, ఆయన చెయ్యి మాత్రం అట్లాగే గాలిలో ఉంది. కాసేపటికి తనే దించుకున్నాడు. "మోత వస్తాంది. గొంతు వస్తలే" అన్నాడు. "ఎండకాలం దాంక కుడిచెవుల జర వినొస్తుండె. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

ఇక్కడ నా ఒప్పుకోలు. ఆ మూడు పెట్టెల్లో ఒకదానికీ ఇంకొకదానికీ తేడా నాకు ఏనాడూ తెలియలేదు. ఆయన పిడికిలి చూసి నేను, నా ముఖం చూసి ఆయన, పది నెలలు అట్లా సంగీతం విన్నాం. నేను మొదట్లోనే ఆ డబ్బా స్పీకర్లలో మీట నొక్కి ఉంటే ఆయన కుడిచెవికి అక్క అందేది. తర్వాత చెవి డాక్టరు నరం పోయిందన్నాడు. చెవి మిషన్ పెట్టి చూశాం, గరగర తప్ప ఏమీ లేదు. దీన్ని ఎట్లా నవ్వుగా రాయాలో నాకు తెలియదు కనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

ఆ రోజు బావ లేచి వెళ్ళిపోలేదు. కుర్చీ నా ఎదుటికి లాక్కుని, "ఏమంటాంది? నిదానంగ చెప్పు, నీ పెదవులు సూస్త" అన్నాడు. అక్క మాటలు ఒక్కొక్కటే పలికాను, మైకు దూరం పెట్టడం, పండ్లు, అన్నీ. ఆయన భుజాలు ఎగిరేలా నవ్వాడు. "గట్లనే అన్నది. అందరిట్ల ఇజ్జత్ దీసింది" అన్నాడు. పాట అయిపోయింది. ఆ ముఖం చూసి నేను ఆపలేకపోయాను. "నువ్వు సరిగ తింటలేవని బాధపడుతాంది బావా, ఆరోగ్యం పైలమంటాంది" అని కల్పించాను. ఆయన కాసేపు నన్ను పరీక్షగా చూశాడు.

"మీ అక్క నాతోని గంత మంచిగ ఎన్నడు మాట్లాడలే బామ్మర్దీ. గిది నీ మాట" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. "పెదవులు కనవడనియ్యి. ఇంకేమంటాంది?"

ఆ తర్వాత రెండేళ్ళు, ఆయన ఉన్నంతకాలం, ఆదివారాలు మానలేదు. పెట్టె మీద గుడ్డ కప్పేసి ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆయన్ను అక్కలాగా తిట్టడం నేర్చుకున్నాను. "గట్ల గాదు, జర కోపం సాలలే" అని దిద్దేవాడు. బాగా కుదిరిన రోజు పిడికిలి బిగించేవాడు. నా బతుకులో శ్రద్ధగా సాధన చేసిన విద్య అదొక్కటే. ఇప్పుడు తిట్టడానికి మనిషి లేడు. ఆనాటి నన్ను తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెడ తిప్పుతూ, అచ్చం అక్కలాగే ఉండాలని సన్నటి ఆడగొంతు పెట్టి తిట్టేవాణ్ణి. వినలేని మనిషి కోసం గొంతు ఎందుకు మార్చేవాణ్ణో, ఇప్పటికీ నాకు తెలియదు.